నడుములో నరాల దారి ఇరుకైతే ఏ ఆపరేషన్? ఎందుకు?

నొప్పి కాళ్లలో ఉంటే నడుముకు ఎంఆర్ఐ ఎందుకు?

అరవై దాటినవాళ్లు చాలామంది ఇలా చెబుతారు: "నడుం సంగతి ఎలా ఉన్నా ఓర్చుకుంటాను, కాళ్లే నడవనివ్వడం లేదు. కాస్త దూరం పోగానే పిక్కలు బరువెక్కి గుంజుతాయి. ఎక్కడో ఒకచోట కూర్చుంటే మళ్లీ మామూలే." డాక్టరు నడుముకు పరీక్ష రాసేసరికి ఇంట్లోవాళ్లకు అర్థం కాదు.

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి, రెండో పూసల దగ్గర ముగిసిపోతుంది. అక్కణ్నుంచి కిందికి పూసల నాళంలో ఉండేది కాళ్లకూ మూత్రాశయానికీ వెళ్లే నరాల గుత్తి. వయసు మీదపడే కొద్దీ ముందు నుంచి డిస్క్ ఉబ్బుతుంది, పక్కల నుంచి పూసల కీళ్లు అరిగి లావెక్కుతాయి, వెనక ఉన్న పసుపు రంగు లిగమెంటు మందమవుతుంది. నాలుగో, అయిదో నడుము పూసల మధ్య ఈ ఇరుకు ఎక్కువగా కనిపిస్తుంది. నిటారుగా నిలబడితే ఆ లిగమెంటు లోపలికి ముడత పడి ఉన్న చోటు కూడా తగ్గుతుంది. ముందుకు వంగితే నాళం కొంచెం విచ్చుకుంటుంది. అందుకే వీళ్లు సూపర్‌మార్కెట్ ట్రాలీ మీద వాలి హాయిగా తిరగగలరు, సైకిలు తొక్కగలరు, మెట్లు ఎక్కడం కంటే దిగడానికి ఎక్కువ బాధపడతారు.

కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే పిక్కలు పీకుతాయి. అయితే వాళ్లకు నడక ఆపి నిలబడితే చాలు. వీళ్లకు నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా వంగాలి. డాక్టరుకు ఈ ఒక్క తేడా స్పష్టంగా చెప్పండి, సగం పని అయినట్టే. డచ్ వైద్యుడు హెంక్ వెర్బీస్ట్ 1954లో ఈ జబ్బును వివరంగా రాసినప్పుడు ఆయన చేతిలో ఎంఆర్ఐ లేదు. రోగి చెప్పే మాటకు అప్పుడున్న విలువే ఇప్పుడూ ఉంది.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెల్లో లిగమెంట్లు ఎముకలా గట్టిపడి కూడా నాళం ఇరుకవుతుంది. పొదిలి, దర్శి వైపు ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. అలాంటి ఊళ్లలో పెరిగినవారికి మెడలోనూ వెన్నుపాము మీద ఒత్తిడి ఉండొచ్చు కాబట్టి నడుము ఒక్కటే చూసి ఆగకూడదు.

రిపోర్టులో 'సివియర్' అని ఉంటే ఆపరేషన్ తప్పదా?

తప్పనిసరి కాదు. 1990లో అమెరికాలో ఏ నొప్పీ లేనివారికి ఎంఆర్ఐ తీసి చూస్తే, అరవై పైబడినవారిలో అయిదో వంతు మందికి నాళం ఇరుగ్గా కనిపించింది. వాళ్లందరూ మామూలుగా నడుస్తున్నవాళ్లే. కాబట్టి ఫిల్ములో ఉన్న ఇరుకూ మీ కాళ్లు చెప్పే బాధా ఒకదానితో ఒకటి సరిపోలాలి. షుగరు వల్ల వచ్చే తిమ్మిర్లు, తుంటి కీలు అరుగుదల కూడా ఇలాగే మభ్యపెడతాయి.

తొందర లేనప్పుడు ముందు వ్యాయామం, మందులు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆపరేషన్‌కు ఒప్పుకున్న 169 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి ఫిజియోథెరపీ అని విభజించారు. రెండేళ్లకు రెండు జట్లూ దాదాపు సమానంగా తేరుకున్నాయి. అయితే ఫిజియోథెరపీ వంతు వచ్చినవారిలో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. అది మరిచి "వ్యాయామంతో అందరికీ తగ్గిపోతుంది" అనడం సరికాదు. నడుములో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద పెద్ద ఆశలు వద్దు. 400 మందితో 2014లో జరిగిన పరీక్షలో మత్తుమందుకు స్టెరాయిడ్ కలిపినందువల్ల అదనపు మేలు దాదాపు కనిపించలేదు.

ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే భాగం మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

ప్రతి పూసకూ వెనక పలకలాంటి ఎముక ఉంటుంది. నరాల నాళానికి అది పైకప్పు. దాన్ని తీసి, కింద మందమైన లిగమెంటును తొలగించి, పక్కల పెరిగిన ఎముకను చెక్కి, నరాలకు చోటు ఇవ్వడమే లామినెక్టమీ. ఇదే అసలు పని. మిగిలిన పేర్లన్నీ ఆ చోటు దాకా ఎలా చేరుకుంటారన్నదాన్ని బట్టి వచ్చినవే. పలకంతా తీయకుండా కిటికీ అంత తెరిచి మైక్రోస్కోపు కింద చేయవచ్చు. ఒక పక్క నుంచే లోపలికి వెళ్లి రెండు వైపులా శుభ్రం చేయవచ్చు. రెండు చిన్న రంధ్రాల నుంచి ఎండోస్కోపుతోనూ చేస్తున్నారు. చిన్న కోతతో కండరం తక్కువ దెబ్బ తింటుంది, త్వరగా లేచి నడుస్తారు. కానీ కోత ఎంత చిన్నదన్నదాని కంటే నరాలకు చోటు పూర్తిగా దొరికిందా అన్నది ముఖ్యం. ఆ సర్జను చేయి తిరిగిన పద్ధతే మంచి పద్ధతి.

నరాల గుత్తిని కప్పిన పొర చిరగడం, ఇన్ఫెక్షన్, లోపల రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు ఏ పద్ధతిలోనైనా ఉంటాయి.

మరి స్క్రూలు, రాడ్లు ఎందుకు?

ఇక్కడే ఆగి అడగాలి. చోటు ఇవ్వడం ఒక పని, పూసలను బిగించి ఒకటిగా అతికించడం మరో పని. మొదటిదానికి కారణం ఉన్నంత మాత్రాన రెండోదానికి కారణం ఉన్నట్టు కాదు. 2016లో స్వీడన్ వైద్యులు 247 మందిని పరిశీలించారు. నరాలకు చోటు మాత్రమే ఇచ్చినవారికీ, దానితో పాటు పూసలు అతికించినవారికీ రెండేళ్ల తరువాత నడకలోనూ నొప్పిలోనూ తేడా లేదు. అతికించినవారు ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, రక్తమూ ఎక్కువ పోయింది. అదే సమయంలో అమెరికాలో 66 మందితో జరిగిన చిన్న అధ్యయనంలో, పూస కాస్త ముందుకు జారినవారిలో అతికించినవారికి కొంచెం ఎక్కువ మేలు కనిపించింది, మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారూ తక్కువ. 2021లో నార్వే నుంచి పూస జారిన 267 మంది ఫలితాలు వచ్చాయి. బాగా మెరుగైనవారు చోటు మాత్రమే ఇచ్చిన జట్టులో నూటికి 71 మంది, బిగించిన జట్టులో 73 మంది.

వీటిని బట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పూస జారి ఉన్నా, అది కదలకుండా ఉంటే స్క్రూలు తప్పనిసరి కాదు. వంగినప్పుడు పూస కదులుతున్నా, వెన్ను పక్కకు వంకర తిరిగినా, నరాన్ని విడిపించడానికి కీలులో పెద్ద భాగం తీయాల్సి వస్తున్నా స్క్రూలు అవసరమవుతాయి. ఎంఆర్ఐ పడుకోబెట్టి తీస్తారు, అందులో జారుడు సర్దుకుని కనిపించకపోవచ్చు. ముందుకు వంగి ఒకటి, వెనక్కి వాలి ఒకటి నిలబడి తీసే ఎక్స్‌రేలు చూపించమని అడగండి. ఖర్చు తక్కువ, చెప్పేది చాలా ఎక్కువ. స్క్రూలు వేయాలన్న డాక్టరును "నా పూస కదులుతోందా, ఎక్కడ కదులుతోంది?" అని అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోడు, ఎక్స్‌రే పెట్టి చూపిస్తాడు.

బిగించిన చోట కదలిక పోతుంది కాబట్టి ఆ భారం పైపూస మీద పడి కొన్నేళ్లకు అక్కడా ఇరుకు రావచ్చు. ఎముక అతకడానికి నెలలు పడుతుంది, బీడీ, సిగరెట్ మానకపోతే అతకకుండానూ పోవచ్చు.

తరువాత ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు?

కాళ్ల గుంజుడు, నడవలేకపోవడం బాగా తగ్గుతాయి. నడుము నొప్పి సంగతి అంత గట్టిగా చెప్పలేం, అది ఒక్కటే బాధైతే ఈ ఆపరేషన్‌తో తీరుతుందని ఆశించకండి. ఏళ్లనాటి మొద్దుబారుడు నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. నరాలకు చోటు మాత్రమే ఇచ్చినవారిని చాలాచోట్ల మర్నాటికే నడిపిస్తారు. గుండె కోసం రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో గుండె డాక్టరే నిర్ణయించాలి. సొంతంగా మానేయవద్దు.