తొట్టిలో ఒందెలగ పాడవుతోందా?

మన లైను ఇళ్లల్లో ఎండ పడని సందు ఒకటి ఉండనే ఉంటుంది. అక్కడ గులాబీ పెడితే పూయదు, టమాటా పెడితే కాయదు. ఒక్క ఆకు మాత్రం అక్కడే నేలంతా పాకుతుంది. బెంగళూరులో దాన్ని ఒందెలగ అంటారు. మన తెలుగువాళ్లకు అది సరస్వతి ఆకు, అరవంవాళ్లకు వల్లారై. పచ్చడి నూరుకోవచ్చు, మజ్జిగలో కలిపి కన్నడంవాళ్ల మాదిరి తంబుళి చేసుకోవచ్చు.

నేను మిల్లులో మగ్గాల మీద పనిచేసినవాణ్ణి. గాలిలో తేమ తగ్గితే పోగులు తెగేవి. అందుకే షెడ్డులో ఎప్పుడూ తేమ ఉండేట్టు చూసేవాళ్లు. ఈ ఆకుదీ అదే గుణం. అయితే తేమ వేరు, మురుగు వేరు. ఆ తేడా తెలియక రెండు తొట్లు పోగొట్టుకున్నాను.

మొదటిది పెయింటు డబ్బాలో పెట్టినాను. చెరువు గట్టున పెరిగేదే కదా అని అడుగున బెజ్జం కూడా వెయ్యలేదు. నెలకంతా కాడలు నల్లబడి, మట్టి కుళ్లు వాసన కొట్టింది. అడుగున నాలుగు బెజ్జాలు వెయ్యండి. మన్నుతో పాటు కొంచెం ఇసక, మాగిన పేడ ఎరువు కలపండి.

రెండోది 2024 ఎండాకాలంలో పోయింది. ఆ మార్చిలో తాగేనీళ్లు మొక్కలకు పోస్తే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి చెప్పింది. సరేనని బోరు నీళ్లే పోస్తూ వచ్చినాను. మన్ను మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. ఈనెలు పచ్చగానే ఉండి ఆకంతా పసుపయింది. మీకూ అట్లా అయితే పైమన్ను ఒక అంగుళం తీసి కొత్తది వెయ్యండి. వాననీళ్లు పట్టి పొయ్యండి, లేకుంటే బియ్యం కడిగిన నీళ్లు. సబ్బునీళ్లు మాత్రం వద్దు.

కాడలు పొడుగ్గా సాగి ఆకు చిన్నదయితే చీకటి ఎక్కువైనట్టు. పొద్దున పూట ఒకటి రెండు గంటలు ఎండ తగిలే చోటికి జరపండి. ఆకు ఎర్రబడి ముడుచుకుంటే ఎండ ఎక్కువైనట్టు. వానాకాలంలో ఆకుకు బొక్కలు పడితే అది నత్తల పని. రాత్రి టార్చి వేసి ఏరెయ్యండి. తినే ఆకు గదా, మందు కొట్టొద్దు. తొట్టి నడుమ బోసిపోతే, వేరు పట్టిన గణుపు ఒకటి తుంచి అక్కడ నాటండి.

ఇంకో మాట. మా తొట్టి పోయిన రోజుల్లోనే మనవరాలికి పరీక్షలు. జ్ఞాపకానికి మంచిదంటారని కోడలు ఆకు అడిగింది. నేను మైసూరు రోడ్డు పక్కన కాలవ గట్టున ఏపుగా ఉంటే కోసుకొచ్చినాను. మా ఇంటామె చూసి, "యాడ కోసుకొచ్చినావు ఇది?" అని అడిగింది. చెప్పినాను. ఒక్క మాట అనకుండా తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది.

ఆమె చేసింది సరైన పని. వృషభావతిలో పారేది ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు. ఈ మొక్క తన కింది నీళ్లలో, మట్టిలో ఉన్న విషాన్ని ఆకులోకి లాక్కుంటుంది. ఎన్నిసార్లు కడిగినా లోపలికి పోయింది పోదు. కాలవ పక్కన ఎంత పచ్చగా ఉన్నా కొయ్యొద్దు.

కోసేముందు ఆకు సరిగ్గా చూడండి. ఒందెలగ ఆకుకు ఒక పక్క చీలిక ఉంటుంది, కాడ అక్కడే అతుక్కుంటుంది. గొడుగు మాదిరి నడిమధ్యన కాడ ఉంటే అది వేరే మొక్క. గర్భిణులు, లివరు జబ్బున్నవాళ్లు, రోజూ మాత్రలు మింగేవాళ్లు డాక్టర్ని అడిగే తినాలి.

ఇప్పుడు మా సందులో మూడో తొట్టి ఉంది. పక్కింటామె ఇచ్చిన ఒక్క గణుపుతో మొదలైంది. మీ తొట్టి వాడిపోతే పారెయ్యకండి. వేరున్న గణుపు ఒక్కటి పచ్చగా ఉన్నా చాలు, మళ్లీ పాకుతుంది.