ఆర్‌ఎక్స్ 100: పాత బండికి విలువ కట్టడం

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైన టూ స్ట్రోక్ మోటారు సైకిల్. జపాన్ యమహా సాంకేతికతతో ఎస్కార్ట్స్ సంస్థ దీన్ని తయారుచేసింది. వంద సీసీ బళ్లు మన రోడ్లమీదికి వచ్చిన కాలమది. అదే 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100ను మైలేజీ కోసం కొంటే, ఆర్‌ఎక్స్‌ను పికప్ కోసం కొన్నారు.

ఆ పికప్ అంతా ఇంజిన్‌లోనే ఉంది. సిలిండర్ బోరు 50 మి.మీ., పిస్టన్ కదిలే దూరమూ 50 మి.మీ.; వెరసి 98 సీసీ. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే పెట్రోలు ఒకసారి మండుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. దీనికి తోడు కార్బురేటర్ దగ్గర పల్చటి రేకుల రీడ్ వాల్వు ఉంటుంది. పిస్టన్ పైకి లేచినప్పుడు రేకులు తెరుచుకుని పెట్రోలు కలిసిన గాలిని లోపలికి వదులుతాయి. పిస్టన్ దిగేటప్పుడు మూసుకుని దాన్ని వెనక్కి పోనివ్వవు. అందుకే 11 హార్స్‌పవర్‌తోనే సుమారు 100 కిలోల బండి అంత చురుగ్గా అందుకుంటుంది.

ఇందులో లోపమూ ఉంది. లోపలికి వచ్చిన పెట్రోలు కొంత మండకుండానే సైలెన్సర్ గుండా పోతుంది. ఆయిల్ కూడా కాలి పొగవుతుంది. 1996లో కాలుష్య నిబంధనలు బిగిశాయి, ఆ ఏడాదే ఈ మోడల్ ఆగింది. మోజు మాత్రం ఆగలేదు. 2018లో వచ్చిన ఒక తెలుగు సినిమాకు ఈ బండి పేరే పెట్టారు.

ఇప్పుడు అమ్మకానికి వచ్చే ప్రతి ఆర్‌ఎక్స్ 100 వయసూ దాదాపు మూడు దశాబ్దాలో, అంతకు మించో ఉంటుంది. కాబట్టి ముందు చూడాల్సింది కాగితాలు. నంబరులోని జిల్లా కోడు చూసి తికమకపడొద్దు. ఉదాహరణకు తెలంగాణలోని దంతాలపల్లి మండలం 2016లో మహబూబాబాద్ జిల్లాలో ఏర్పడింది. అంతకుముందు ఆ ఊరు వరంగల్ జిల్లాది. అందువల్ల అక్కడి పాత బళ్లకు ఏపీ 36 నంబర్లు, కొత్త జిల్లాలో 2024 మార్చి దాకా రిజిస్టరైన వాటికి టీఎస్ 26 నంబర్లు కనిపిస్తాయి. జిల్లా మారినంత మాత్రాన పాత నంబరు చెల్లకుండా పోదు. అయితే రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండిని చూపించి రెన్యువల్ చేయించాలి. ఆర్సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండిమీద గుద్దిన అంకెలతో ఒక్కటి కూడా తేడా లేకుండా కలవాలి. అంకెలున్న చోట లోహాన్ని అరగదీసిన గుర్తులుంటే ఎంత చవకైనా ఆ బండి వద్దు.

తర్వాత ఇంజిన్. దాన్ని చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. వెళ్లగానే సిలిండర్ రెక్కలమీద చెయ్యి పెడితే, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించారో లేదో తెలిసిపోతుంది. తాళం తిప్పకుండా కిక్ రాడ్‌ను మెల్లగా నొక్కాలి. కాలికి గట్టిగా ఎదురు తగిలితే కంప్రెషన్ ఉన్నట్టు. మెత్తగా దిగిపోతే రింగులో బోరో అరిగినట్టు. స్టార్టయిన కొత్తలో నీలిరంగు పొగ సహజం, వేడెక్కాక తగ్గాలి. తెల్లటి పొగ దట్టంగా వస్తూనే ఉండి, గేర్ ఆయిల్ కూడా తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయిందని అనుమానించాలి. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగకపోతే మాగ్నెట్ వైపు సీలు దగ్గరో మరోచోటో గాలి చొరబడుతోంది. అలాగే నడిపితే ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కింది నుంచి గడగడమనే చప్పుడు వస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పని.

బోరు ఎన్నిసార్లు చేయించారో అడగాలి. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతూ సాధారణంగా 1 మి.మీ. వరకు దొరుకుతాయి. ఆ చివరి సైజు కూడా అయిపోతే స్లీవో, కొత్త బ్లాకో వెయ్యాల్సిందే.

చివరగా ఛాసిస్. వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండాలి. ముందు చక్రం నేలకు తగలకుండా లేపి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడైనా పట్టినట్టయితే కోన్ సెట్ (హ్యాండిల్ బేరింగులు) అరిగింది. పెట్రోలు ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే లోపలి తుప్పు కనబడుతుంది. పైన కొత్త రంగు మెరుస్తున్నా ఆ తుప్పు కార్బురేటర్‌కు అడ్డుపడుతూనే ఉంటుంది.

రింగులు, సీళ్లు, బేరింగులు, బ్రేకు లైనింగులు మార్చుకోగలిగినవి. వాటి ఖర్చు మెకానిక్‌తో లెక్కవేయించి అడిగిన ధరకు కలపాలి. ఆ మొత్తం బాగున్న మరో బండి ధరను మించకపోతే కొనవచ్చు. వంగిన ఛాసిస్, పగిలి వెల్డింగ్ చేసిన క్రాంక్ కేసు, కలవని నంబర్లు ఈ లెక్కలోకి రావు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ బండిని వదిలేయాలి.