పొలం నుండి పొయ్యి దాకా

మానవుడు నిప్పును వశపరచుకొన్ననాటి నుండి కట్టె అతనికి తొలి ఇంధనం. బొగ్గు, చమురు వాడుకలోకి వచ్చిన తరువాత పట్టణాలు దానిని మరచినా, పల్లెల పొయ్యిలలో అది నేటికీ మండుతూనే ఉంది. కట్టె, గడ్డి, ఊక, చెఱకు పిప్పి, పత్తికట్టె, పేడ వంటి జీవసంబంధమైన పదార్థాలను శాస్త్రజ్ఞులు జీవద్రవ్యరాశి లేదా బయోమాస్ అంటారు. వీటితో వేడిని, విద్యుత్తును, చివరకు చల్లదనాన్ని కూడా పొందవచ్చును.

తెలుగునాట వరి కోతలు ముగిసిన వెంటనే ఒక విచిత్రం కనిపిస్తుంది. యంత్రాలతో కోసిన మళ్ళలో మిగిలిన గడ్డికి కొందరు రైతులు నిప్పు పెడతారు. ఆ పొగ ఊళ్ళను కమ్ముకొంటుంది. నేలలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశిస్తాయి. అదే పైరు నుండి వచ్చిన ఊక మాత్రం బియ్యం మిల్లులో విలువైన వస్తువు. దానిని కాల్చి పుట్టించిన ఆవిరితో వడ్లను ఉడికించి ఉప్పుడు బియ్యం తయారుచేస్తారు. చక్కెర మిల్లులు కూడా తమ పిప్పితోనే ఆవిరిని, విద్యుత్తును పొందుతాయి. ఒకే పైరుకు చెందిన గడ్డి బూడిద కాగా ఊక సంపద ఎట్లయింది? ఊక వడ్లతోపాటు మిల్లుకు చేరుతుంది. గడ్డి పొలమంతటా చెదరి ఉంటుంది. దానిని ఏరి, కట్టలు కట్టి, తరలించే ఖర్చు చాలాచోట్ల దాని ధరను మించుతుంది. తదుపరి పంటకు వ్యవధి తక్కువైనప్పుడు రైతుకు అగ్గిపుల్లే సులభోపాయంగా తోస్తుంది. కనుక లోపం రైతుది కాదు, సేకరణ ఏర్పాటుది.

ఈ సేకరణకు మూడు అవరోధాలున్నాయి. మొదటిది పరిమాణం. విడిగడ్డి ఘనపు మీటరుకు 100 కిలోల లోపే తూగుతుంది. దానితో నిండిన లారీ ఇంధనంకన్న గాలినే ఎక్కువగా మోస్తుంది. అదే గడ్డిని యంత్రంతో గుళికలుగా నొక్కితే ఘనపు మీటరుకు సుమారు 600 కిలోలు తూగుతుంది. రెండవది తేమ. అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగం నీరే. మరుగుతున్న నీటిని ఒక కిలో మేర ఆవిరి చేయడానికే సుమారు 540 కిలోకేలరీల వేడి ఖర్చవుతుంది. అందువల్ల ఎండబెట్టడం కూడా ఇంధనాన్ని సంపాదించడమే. మూడవది కాలం. కోతలు కొద్ది వారాలలో ముగుస్తాయి. యంత్రం ఏడాది పొడవునా నడవాలి. అంతకాలం గడ్డిని వాన నుండి, నిప్పు నుండి కాపాడే నిల్వస్థలాలు అవసరం.

విద్యుత్ కేంద్రం పెద్దదైనకొద్దీ ఇంధనాన్ని దూరం నుండి తేవలసివస్తుంది. రవాణా ఖర్చు పెరుగుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, చుట్టుపక్కల దొరికే ఇంధనాన్ని లెక్కించి కేంద్రం పరిమాణాన్ని నిర్ణయించాలి. అయితే చిన్న ఆవిరి కేంద్రాలలో ఇంధనపు శక్తిలో నాలుగో వంతుకు మించి విద్యుత్తుగా మారడం అరుదు. తక్కినది వేడిగా వృథా అవుతుంది. ఆ వేడిని ధాన్యం ఆరబెట్టడానికో, పరిశ్రమలకో మళ్ళిస్తే శక్తిలో మూడు వంతులకు పైగా వినియోగపడుతుంది. విద్యుత్తు తీగల వెంట దూరాలకు పోగలదు, వేడి పోలేదు. అందుచేత వేడి అవసరమైనచోటనే కేంద్రం ఉండాలి.

వేడితో చల్లదనాన్ని పుట్టించడం ఆశ్చర్యంగా తోచవచ్చును. 1859లో ఫ్రాన్సు దేశీయుడు ఫెర్డినాండ్ కారే రూపొందించిన యంత్రం ఈ పనే చేసింది. అమ్మోనియా ద్రవం ఆవిరి అవుతూ పరిసరాల వేడిని గ్రహిస్తుంది. ఆ ఆవిరిని నీరు పీల్చుకొంటుంది. నీటిని వేడి చేసినప్పుడు అమ్మోనియా వేరుపడి, చల్లబడి, మళ్ళీ ద్రవమవుతుంది. మట్టికుండలో నీరు చల్లబడడానికి మూలమైన సూత్రమే ఇందులోనూ ఉంది. గుంటూరు మిర్చిని దాచే శీతల గిడ్డంగుల వంటి వాటికి ఈ పద్ధతిని అన్వయించవచ్చును.

స్వీడన్ దేశంలోని వెక్షో పట్టణం స్థానిక ఇంధనాన్ని నమ్ముకొని ముందడుగు వేసింది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత, 1980లో అక్కడి కేంద్రం చమురుకు బదులు కట్టె ముక్కలను మండించడం ప్రారంభించింది. చుట్టూ ఉన్న అడవులలో నరికివేతల అనంతరం మిగిలే కొమ్మలు, కోతమిల్లుల పొట్టు, బెరడు అక్కడి ఇంధనం. విద్యుత్తుతోపాటు వేడినీరు గొట్టాల ద్వారా ఇళ్ళకు చేరి చలిని తరుముతుంది. బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధనాలను పూర్తిగా విడిచిపెట్టాలని ఆ పట్టణం 1996లో తీర్మానించింది.

ఆ పట్టణపు కొమ్మలు, తెలుగునాటి ఊక చెప్పే పాఠం ఒకటే. ఇంధనం పొలంలో ఉన్నంత మాత్రాన శక్తి కాదు. పొడిగా, సకాలంలో, తక్కువ ఖర్చుతో పొయ్యికి చేరినప్పుడే శక్తి అవుతుంది. గడ్డినంతటినీ ఊడ్చివేయడం కూడా తగదు. పశువుల మేతకు, నేల సారానికి కావలసిన భాగాన్ని విడిచి, మిగిలినదానినే తీసుకోవాలి. సేకరించిన ప్రతి కట్టకు రైతుకు న్యాయమైన ధర దక్కాలి. అప్పుడు పొలంలో నిప్పు పెట్టే చేతులే గడ్డిని భద్రపరుస్తాయి.