ఖాళీ కేస్ ఎందుకు ఎగరదు? చాంబర్ మార్చిన రైఫిల్‌లో అసలేం జరుగుతుంది

మార్టూరు నుంచి మళ్ళీ నేనే. మోటార్లు, స్టార్టర్లు, మిక్సీలు అన్నీ విప్పేశాం, ఇవ్వాళ రైఫిల్. కంగారు పడొద్దు, కెమెరా ముందు తుపాకీ ఏమీ లేదు. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, అంతే.

పోయిన వారం ఒక తమ్ముడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్ళ తాతగారికి లైసెన్స్ ఉన్న .315 రైఫిల్ ఉంది. తూటాలు దొరకడం కష్టంగా ఉందట. తెలిసిన లేత్ మిషన్ ఆయన, "చాంబర్ కొంచెం పెద్దది చేస్తే వేరే తూటా పడుతుంది. ఖాళీ కేస్ బయటికి రావడమే కాస్త ఇబ్బంది, అది తర్వాత చూసుకుందాం" అన్నాడట. తమ్ముడి డౌట్ ఏందంటే, "అన్నా, తూటా లోపలికి పోయి పేలినప్పుడు, ఖాళీది బయటికి రావడానికి ఏం రోగం?"

ముందు ఒక మాట. ఆ పని చేయించొద్దు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ తయారు చేయడానికే కాదు, మార్చడానికీ, రిపేరు చేయడానికీ కూడా లైసెన్స్ కావాలి. గ్రానైట్ మిషన్ల షాఫ్టులు తిప్పే లేత్‌కి ఆ లైసెన్స్ ఉండదు. కానీ తమ్ముడి ప్రశ్న మాత్రం సూపర్. ఎందుకంటే "తర్వాత చూసుకుందాం" అన్న ఆ చిన్న ఇబ్బందిలోనే అసలు ప్రమాదం దాక్కుని ఉంది.

గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుద్ది. హమాలీ బస్తా చెవికి కొక్కెం వేసి లాగుతాడు. బస్తా వస్తుంది. దాన్ని పక్కకి దొర్లించాలంటే మాత్రం రెండో అంచుకి ఏదో ఒకటి అడ్డం పడాలి, కాలో, గట్టో. ఒక అంచు ఆగి, ఇంకో అంచు కదిలితేనే బస్తా తిరుగుతుంది.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో కూడా ఇవి రెండు వేరు వేరు పనులు. చాంబర్‌లోంచి కేస్‌ని వెనక్కి లాగే కొక్కెం పేరు ఎక్స్‌ట్రాక్టర్. వెనక్కి వచ్చిన కేస్‌ని పక్కకి విసిరేది ఎజెక్టర్. త్రీ నాట్ త్రీ, అంటే .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లో ఎక్స్‌ట్రాక్టర్ బోల్ట్ తలకి కుడివైపు ఉంటుంది. దాని స్ప్రింగు కేస్‌ని ఎడమ గోడకి నొక్కి పెడుతుంది. ఎజెక్టర్ అంటే పెద్ద పార్టేం కాదు, ఎడమ గోడలో ఒక చిన్న స్క్రూ, దాని కొన కొంచెం లోపలికి పొడుచుకుని ఉంటుంది. బోల్ట్ వెనక్కి వచ్చేటప్పుడు కేస్ ఎడమ అంచు గోడని, ఆ కొనని తగిలి ఆగుతుంది. కుడి అంచుని కొక్కెం లాగుతూనే ఉంటుంది. కేస్ గిర్రున తిరిగి కుడివైపు ఎగిరిపోద్ది.

ఇప్పుడు బస్తా చెవి సంగతి. తూటా అడుగున ఉండే ఆ చెవిని రిమ్ అంటారు. .303 కేస్ ఒళ్ళు అడుగు దగ్గర 11.7 మి.మీ., రిమ్ 13.7 మి.మీ. అంటే చుట్టూ 1 మి.మీ. బయటికి పొడుచుకుని ఉంటుంది. 7.62 నాటో తూటాకి రిమ్ 12 మి.మీ., ఒళ్ళు కూడా దాదాపు అంతే. చెవి బయటికి రాదు, రిమ్‌కి పైన గాడి ఉంటుంది, కొక్కెం ఆ గాడిలో పడాలి. రెండు రిమ్‌లకి తేడా 1.7 మి.మీ. పాత కొక్కెం దీన్ని అంచున మాత్రమే పట్టుకుంటుంది, లేదా అసలు పట్టుకోదు. ఎడమవైపు స్క్రూ కూడా చాలీ చాలకుండా తగులుతుంది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఒక మాడ్యూల్ మార్చి దాని ఇంటర్‌ఫేస్ వదిలేశారు.

ఈ పనిని మన దేశంలోనే రెండు రకాలుగా, కరెక్ట్‌గా చేశారు. చేసింది పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ.

మొదటిది .410 మస్కెట్. పోలీసులకీ, జైలు గార్డులకీ ఇవ్వడానికి .303 రైఫిల్ గొట్టాన్ని లోపల నున్నగా చేసి, సింగిల్ షాట్‌గా మార్చారు. తూటా ఎలా ఎంచుకున్నారో చూడండి. .303 కేస్‌నే తీసుకుని, పైన సన్నగా ఉండే మెడ లేకుండా తిన్నగా వదిలేశారు. రిమ్ అదే కాబట్టి కొక్కెం అదే, స్క్రూ అదే. తలనొప్పి లేదు. నాకు ఈ తెలివి భలే నచ్చింది.

రెండోది 1962 చైనా యుద్ధం తర్వాత. 7.62 ఎస్‌ఎల్‌ఆర్‌లు అప్పుడప్పుడే వస్తున్నాయి, అందరికీ చాలవు. అదే తూటా పేల్చే బోల్ట్ రైఫిల్ కావాలి. ఇషాపూర్ వాళ్ళు పాత .303ల చాంబర్ గీకి ఇవ్వలేదు. 7.62 ప్రెజర్ ఎక్కువ కాబట్టి గట్టి స్టీలుతో కొత్తగానే తయారు చేశారు. ఎక్స్‌ట్రాక్టర్ మార్చారు, మ్యాగజైన్ మార్చారు. అవే 2ఏ, 2ఏ1 రైఫిళ్ళు. బ్రిటన్‌లో పాత .303 స్నైపర్ రైఫిళ్ళని 7.62కి మార్చి ఎల్42ఏ1 అన్నప్పుడు ఇంకో ట్రిక్ చేశారు. మ్యాగజైన్ ఎడమ వెనక పెదవి మీద గట్టి స్టీలు ముక్క ఒకటి పైకి వదిలారు. ఎజెక్టర్ పని అదే చేస్తుంది. అందులో వేరే మ్యాగజైన్ పెట్టారనుకోండి, తూటా పేలుద్ది, కేస్ ఎగరదు. తప్పు బోల్ట్‌లో వెతుకుతూ కూర్చుంటారు!

తర్వాత ఇషాపూర్ మస్కెట్లు చాలా అమెరికా చేరాయి. అక్కడ మన .410 తూటా దొరకదు. అందుకని చాంబర్ వెడల్పు చేసి మామూలు .410 షాట్‌గన్ తూటా వేస్తారు. దాని రిమ్ ఇంచుమించు .303 రిమ్ అంతే, కాబట్టి కొక్కెం పట్టుకుంటుంది. ఇబ్బంది పొడవుతో. .303 కేస్ 56 మి.మీ. అయితే 3 అంగుళాల షాట్‌గన్ తూటా పేలి విచ్చుకున్నాక 76 మి.మీ. బోల్ట్‌ని చివరిదాకా గట్టిగా లాగకపోతే దాని మూతి చాంబర్ దాటదు. మూతి దాటకుండా కేస్ తిరగదు.

కాబట్టి కేస్ రాలేదంటే మొదటి ప్రశ్న, ఎక్కడ ఆగింది?

బోల్ట్ వెనక్కి వచ్చింది, కేస్ కూడా వచ్చింది, కానీ మ్యాగజైన్ మీద పడిపోయింది. ఇది ఎజెక్టర్ వైపు సమస్య. స్క్రూ కొన అరిగిందా, మ్యాగజైన్ దానిదేనా, కొక్కెం స్ప్రింగు నీరసంగా ఉందా చూస్తారు. బోల్ట్ మెల్లగా లాగితే పడిపోయి, చురుగ్గా లాగితే ఎగిరిందంటే ఈ దారిలోనే వెతకాలి.

కేస్ చాంబర్‌లోనే ఉండిపోయిందా, అది వేరే కథ. కొక్కెం కింద మసి, ఇత్తడి పొడి పేరుకుని ఉండొచ్చు. లేదా చాంబర్ లోపల టూల్ గీతలు. పేలినప్పుడు కేస్ ఉబ్బి గోడకి అతుక్కుంటుంది, ప్రెజర్ దిగాక కొంచెం ముడుచుకుంటుంది. గోడ నున్నగా ఉంటే వస్తుంది. గరుకుగా ఉంటే ఆ గీతల్లో కరుచుకుంటుంది. లేత్ మీద చేసిన పనికి ఇదే భయం. ఇక చాంబర్ లోతు తప్పితే కేస్ సాగి, అడుగుకి కొంచెం పైన తెగిపోతుంది. కొక్కెం అడుగు ముక్కని మాత్రం తెస్తుంది, మిగతాది లోపలే. చూసేవాడు ఖాళీ అయిపోయిందనుకుంటాడు.

అన్నింటికంటే ఘోరం ఇంకోటి ఉంది. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంది, పేలలేదు. బోల్ట్ లాగితే కొక్కెం జారిపోయింది. లోపల ఉన్నది ఖాళీ కేస్ కాదు, బతికున్న తూటా. దాని వెనక ఇంకో తూటా తోస్తే, ఆ బుల్లెట్ మొన ముందున్న తూటా ప్రైమర్ మీదకే వెళ్తుంది. అప్పటికి బోల్ట్ లాక్ అయి ఉండదు, మొహం ఎదురుగా ఉంటుంది. ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్ళే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. క్లిక్ మని పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, బోల్ట్ ముట్టుకోకుండా చెయ్యెత్తి ఇన్‌స్ట్రక్టర్‌ని పిలవాలి. గొట్టంలోంచి చువ్వ పెట్టి పొడవడం లాంటివి అస్సలు వద్దు.

తమ్ముడూ, తాతగారి .315 తూటా కూడా రిమ్ ఉన్నదే, ఆ మెకానిజం కూడా లీ-ఎన్‌ఫీల్డ్ కుటుంబానిదే. దాన్ని అలాగే ఉండనివ్వు. అందులోనూ కేసులు సరిగ్గా ఎగరడం లేదంటే, తాతగారిని పేల్చిన ఖాళీ కేసులు ఓ నాలుగైదు కవర్లో వేసి, లైసెన్స్ ఉన్న ఆర్మరర్ దగ్గరికి రైఫిల్‌తో పాటు తీసుకెళ్ళమను. రిమ్ మీద కొక్కెం జారిన గీతలున్నాయా, ఒంటి మీద పొడవు గీరలున్నాయా, అడుగుకి కొంచెం పైన చుట్టూ మెరిసే ఉంగరంలాంటి గీత కనపడుతుందా అని ఆయన చూస్తాడు. ఆ ఉంగరం కనిపిస్తే కేస్ తెగడానికి రెడీగా ఉందని అర్థం. ఆర్మరర్ చూసేదాకా ఆ రైఫిల్‌లో ఇంకో తూటా పెట్టకూడదు.