మధ్యవర్తికి ముట్టేదెంత? ముందే చెప్పాలి!

పల్లెల్లో ఎవరి చేతికైనా నాలుగు డబ్బులొస్తే చాలు, సలహాలిచ్చేవాళ్ళు తయారవుతారు. మిర్చి అమ్ముకున్న రైతుకు ఎరువుల కొట్టు యజమాని ఓ ఫైనాన్సు కంపెనీ పేరు చెబుతాడు. బిడ్డ పెళ్ళికి అప్పు కోసం తిరిగే కూలీతో మరొకాయన, "ఫలానా ఆఫీసుకెళ్ళు, నా పేరు చెప్పు" అంటాడు. తెలిసినవాడు చెప్పాడు గదా అని వెళతాం. పంపినందుకు అతనికి ముట్టిందెంతో మనకు తెలీదు. అది కాగితం మీద ఉండదు. ఒక్కోసారి డబ్బుగానూ ఉండదు. పండక్కి బట్టలో, ఊరికే తిప్పి తెచ్చే యాత్రో అవుతుంది. "నువ్వు నాకు మనుషుల్ని పంపు, నేను నీ కొట్టుకు పంపుతా" అన్న నోటిమాట ఒప్పందమూ కావచ్చు.

కమీషన్ తీసుకోవడమే తప్పని మేము అనడం లేదు. దాన్ని దాచిపెట్టి సలహా ఇవ్వడం మోసమంటున్నాము. పెట్టుబడి వృత్తిలో ఉన్నవారి అంతర్జాతీయ సంస్థ సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ కూడా తన నీతి నియమావళిలో ఇదే రాసుకుంది. సిఫారసు చేసినందుకు ముట్టే సొమ్మును, మరే లాభాన్నైనా సభ్యుడు తన ఖాతాదారుకూ, తన యజమానికీ చెప్పి తీరాలి. మన దేశంలో సెబీ 2013లో చేసిన నిబంధనలు కూడా రిజిస్టరైన పెట్టుబడి సలహాదారుపై ఈ బాధ్యత పెట్టాయి. అంటే షేర్లు కొనే ఆసామికి సలహా చెప్పేవాడు నోరు విప్పాలి. కూలివాడి కష్టార్జితాన్ని దారి మళ్ళించే ఊరి మధ్యవర్తి మాత్రం ఈ నిబంధనల కంటికే ఆనడు!

దీని ఫలితం అగ్రిగోల్డ్‌లో చూశాం. ఊరూరా ఏజెంట్లను పెట్టి, దాదాపు 32 లక్షల మంది నుంచి 6 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశారు. 2015 నాటికి చెల్లింపులు ఆగిపోయి కేసులు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు కట్టినవారికి ప్రభుత్వ ఖజానా నుంచి చెల్లించారు. అంటే కంపెనీ మింగిన దానికి జనం సొమ్మే బదులిచ్చింది. ఏజెంట్లలో మన ఊళ్ళ నిరుద్యోగులే ఎక్కువ. వాళ్ళలో చాలామంది తమ డబ్బూ పోగొట్టుకున్నారు, అయినవాళ్ళకు ముఖం చూపించలేకపోయారు. చుట్టరికాన్నీ, నమ్మకాన్నీ పెట్టుబడిగా వాడుకున్నది కంపెనీ యజమానులు.

మైక్రోఫైనాన్సు అప్పులపై రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాలు మనకు ఒక ఆయుధం. అప్పుతో పాటు బీమా లాంటిదేదైనా అంటగట్టాలంటే అప్పు తీసుకునేవారి పూర్తి సమ్మతి ఉండాలి. దానికి పట్టే రుసుమును లోను కార్డులోనే, మనకు అర్థమయ్యే భాషలో రాయాలి. రాయకపోతే సంతకం పెట్టవద్దు, వేలిముద్ర అసలే వేయవద్దు.

వ్యవసాయ కార్మిక సంఘాలు, మహిళా సంఘాలు ఈ సంగతి గ్రామసభల్లో చర్చకు పెట్టాలి. ఎవరు ఏ కంపెనీ పేరు చెప్పినా నలుగురి ముందూ ఈ మూడు ప్రశ్నలు అడగాలి: అక్కడికి పంపినందుకు నీకేం ముడుతుంది? ఎవరిస్తారు? రాసిస్తావా? నిజాయితీపరుడు జవాబు చెబుతాడు. "నా మీదే నమ్మకం లేదా?" అని అలిగేవాడి మాట మీద మాత్రం రూపాయి కట్టొద్దు.