ఒక వ్యాధి – మూడు ప్రశ్నలు

మీ ఇంటిలో అరువది యేండ్లు దాటిన పెద్దలున్నచో వారి చేతిని ఒకసారి పరికించి చూడుడు. గుండ్రని మచ్చ యొకటియో, రెండో కనబడును. మచ్చ నడుమ చర్మము కొంచెము పల్లముగా, గీతలు గీతలుగా నుండును. క్షయ రాకుండ వేయు బి.సి.జి. టీకా మచ్చకంటె ఇది సాధారణముగా పెద్దది. ఇది మశూచికపు టీకా గుర్తు. నేడు మన పాఠశాలలలో చదువుకొనుచున్న పిల్లలకు ఈ గుర్తు లేదు. ఉండవలసిన అవసరమును లేదు. 1975 మే నెల తరువాత భారతదేశములో ఎవరికిని మశూచికము రాలేదు. 1977లో సోమాలియా దేశమున సహజముగా ఈ వ్యాధి సోకిన కడపటి రోగి కనబడెను. మశూచికము భూమిమీద నిర్మూలమైనదని 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్య మహాసభ ప్రకటించెను.

ఈ వ్యాధిని మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో ‘అమ్మవారు పోసినది’ అనుచుండిరి. ఆ పేరులోనే ఒక సమాధానము కలదు. వ్యాధి యెందుకు వచ్చినది? అమ్మవారికి కోపము వచ్చినది కనుక. పదవ తరగతి విద్యార్థి ఈ మాట విని నవ్వును. “కాదు, వైరస్ వలన వచ్చినది” అనును. విద్యార్థి చెప్పినది నిజమే. అయినను, అతడును అతని అవ్వయు ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నారా? ఈ వ్యాసములో విచారింపబోవు విషయమిదియే. ఇందుకు మన ప్రాంతమున నివసించిన ఒక పండితుని అనుభవము మనకు తోడ్పడును.

పాలమూరును చదివిన పండితుడు

పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో జన్మించెను. తల్లిదండ్రులు మెన్నోనైట్ బ్రెదరన్ అను క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీలు. ఆ శాఖవారు దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగరము మొదలగు చోట్ల చర్చిలను, పాఠశాలలను, వైద్యశాలలను నడిపిరి. హీబర్ట్ అమెరికాలో క్రైస్తవ దైవశాస్త్రమును, పిమ్మట మానవశాస్త్రమును చదివి, 1960లో మరల తెలుగునాటికి వచ్చి కొన్ని సంవత్సరములు పనిచేసెను. మహబూబ్‌నగరము జిల్లాలోని కొండూరు అను గ్రామపు కులములను, కట్టుబాట్లను, పండుగలను పరిశీలించి ఆయన వ్రాసిన గ్రంథమును 1971లో మిన్నెసోటా విశ్వవిద్యాలయము ప్రకటించెను. 2007లో ఆయన మరణించెను.

ఇక్కడ పనిచేయుచున్న కాలములో జరిగిన ఒక సంఘటనను ఆయన తరువాతి రచనలలో వివరించెను. ముచ్చింతల అను గ్రామమునకు మశూచికము వచ్చి కొందరు పిల్లలు చనిపోయిరి. ఆధునిక వైద్యుల ప్రయత్నములు ఫలింపలేదు. ఊరి పెద్దలు సోదె అడుగగా, మైసమ్మకు ఆగ్రహము కలిగినదనియు, దున్నపోతును బలి ఇవ్వవలెననియు తెలిసెను. ప్రతి యింటినుండియు చందా రావలెను. ఒక్క పైసా అయినను చాలును. క్రైస్తవ కుటుంబములవారు అది తమ విశ్వాసమునకు విరుద్ధమని నిరాకరించిరి. వెంటనే వారికి ఊరి బావి నీరు నిషేధింపబడెను. దుకాణములలో సరకులు ఇవ్వరైరి. అంతలో ఆ కుటుంబములలోని ఒక బాలికకే మశూచికము సోకెను. సంఘపు పెద్ద యొకడు చాల దూరము నడచివచ్చి, బాలిక కొరకు ప్రార్థింపుమని హీబర్ట్‌ను కోరెను.

హీబర్ట్ మోకరిల్లెను గాని ఆయన మనస్సు కలత చెందెను. రోగమునకు కారణము సూక్ష్మజీవియని ఆయన నేర్చెను. దేవుడు సర్వమునకు కర్తయనియు నేర్చెను. ఈ రెండింటి నడుమ, ఊరంతయు కనిపెట్టి చూచుచుండగా, ఈ బిడ్డ బ్రదుకునా లేదా అను ప్రశ్నకు ఆయన చదివిన చదువులలో చోటు లేకపోయెను. వారము దినములకు ఆ బాలిక మరణించెను.

అణుజీవశాస్త్రము చెప్పునది

మొదటి ప్రశ్న: ఈ వ్యాధి ఏ విధముగా వచ్చును?

దీనికి అణుజీవశాస్త్రము స్పష్టముగా సమాధానము చెప్పగలదు. వ్యాధికి కారణము ‘వేరియోలా’ అను వైరస్. దీని జన్యుపదార్థము రెండు పేటల డి.ఎన్.ఎ. దీనిని ఒక నిచ్చెనగా భావించినచో, అందులో సుమారు 1,86,000 మెట్లు గలవు. మానవుని డి.ఎన్.ఎ. నిచ్చెనకు మెట్లు సుమారు 300 కోట్లు. 1967లో భారతదేశమునను, 1975లో బంగ్లాదేశమునను సేకరించిన మశూచి వైరస్‌ల డి.ఎన్.ఎ. వరుసను శాస్త్రజ్ఞులు 1990 తరువాతి తొలి యేండ్లలో పూర్తిగా చదివిరి.

డి.ఎన్.ఎ. గల వైరస్‌లలో పెక్కు, మన కణములోని కేంద్రకమును చేరి, అచ్చటి పరికరములను వాడుకొని వృద్ధి చెందును. మశూచి వైరస్ అట్లు కాదు. తన జన్యువులను నకలు తీయుటకు వలసిన ఎంజైమును తనతోనే తెచ్చుకొని, కేంద్రకము వెలుపలి కణద్రవములోనే సంతానమును పెంచును. పరుల ఇంటికి వంటపాత్రలతో సహా వచ్చి, వసారాలోనే పొయ్యి వెలిగించిన అతిథివంటిది.

మన రక్తములో ‘పూరకము’ అను ప్రోటీనుల సమూహము కలదు. క్రొత్తగా చొరబడిన సూక్ష్మజీవులను గుర్తించి నాశనము చేయుటలో ఇది తోడ్పడును. మశూచి వైరస్ తయారు చేయు ఒక ప్రోటీను ఈ రక్షణను అణచివేయును. టీకాకు వాడిన వాక్సీనియా వైరస్‌లోను దానివంటి ప్రోటీనే కలదు. రెంటికిని భేదము 11 అమైనో ఆమ్లములలో మాత్రమే. అయినను, మానవుని సి3బి అను పూరక ప్రోటీనును నిర్వీర్యము చేయుటలో మశూచి ప్రోటీను రెండవదానికంటె దాదాపు నూరు రెట్లు బలమైనదని 2002లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. మశూచికము ప్రాణాంతకమగుటకును, టీకా వైరస్ సాధారణముగా ఒక చిన్న పుండుతో ఆగిపోవుటకును గల కారణములలో ఇది యొకటి కావచ్చును.

మానవునకు ఇంతగా అలవాటుపడిన ఈ వైరస్‌కు వేరొక ఆశ్రయము లేదు. పశువులలోగాని పక్షులలోగాని ఇది దాగియుండదు. కనుకనే దీనిని నిర్మూలించుట సాధ్యమైనది. రోగి కనబడిన వెంటనే అతనిని వేరుగా నుంచి, అతనిని తాకినవారికిని చుట్టుప్రక్కలవారికిని టీకాలు వేసినచో, వైరస్‌కు పోవుటకు దారి యుండదు. వైరస్ సోకిన మూడు నాలుగు దినములలో టీకా వేసినను చాలవరకు మేలు కలుగును. దున్నపోతు బలి ఈ పనిని చేయజాలదు. ఈ విషయమున సందేహమునకు తావు లేదు.

కాని ఈ శాస్త్రమునకును ఒక మేర కలదు. టీకా లేనివారికి తీవ్రమైన మశూచికము సోకినచో నూటికి సుమారు ముప్పది మంది మరణించుచుండిరి. ఏ ముప్పది మంది? శరీరబలము, వయస్సు, సోకిన వైరస్ మోతాదు మొదలగునవి కొంతవరకు వివరించును. మిగిలినది యాదృచ్ఛికము. తల్లి అడుగునది మాత్రము ఈ మిగిలినదానిని గూర్చియే: “ప్రక్క యింటి బిడ్డ బ్రదికినది, నా బిడ్డ ఎందుకు పోయినది?”

మనస్తత్వశాస్త్రము చెప్పునది

రెండవ ప్రశ్న ఇదియే: నాకే ఎందుకు? ఇప్పుడే ఎందుకు?

ఈ ప్రశ్న అజ్ఞానమువలన పుట్టునదని చాలమంది అనుకొందురు. పరిశోధనలు వేరొక విధముగా చెప్పుచున్నవి. ఇవాన్స్-ప్రిచర్డ్ అను మానవశాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలోని అజాండే ప్రజలను గూర్చి 1937లో ప్రకటించిన గ్రంథములో ఒక ఉదాహరణ ఇచ్చెను. గాదె కూలి, దాని నీడన కూర్చున్నవారు గాయపడిరి. స్తంభములను చెదలు తినినవని అజాండేలకు బాగుగా తెలియును. కాని, వీరు కూర్చున్న క్షణముననే అది యేల కూలవలెను? ఈ ప్రశ్నకు వారు చేతబడియని సమాధానము చెప్పుదురు. చెదలు ఒక ప్రశ్నకు జవాబు. చేతబడి వేరొక ప్రశ్నకు జవాబు.

2008లో క్రిస్టీన్ లెగారే, సూసన్ గెల్మన్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు దక్షిణాఫ్రికాలో జరిపిన పరిశోధనను ప్రకటించిరి. ఐదేండ్ల పిల్లలు మొదలు పెద్దలవరకు 366 మందిని వ్యాధుల కారణములను గూర్చి ప్రశ్నించిరి. సూక్ష్మజీవులు, అంటు మొదలగు కారణములను చాలమంది అంగీకరించిరి. దానితోపాటు చేతబడిని గూడ తరచుగా అంగీకరించిరి. వయస్సు, జ్ఞానము పెరిగినకొలది ఈ రెండవ నమ్మకము తగ్గునని మనము ఊహింతుము. అట్లు జరుగలేదు, చేతబడిని కారణముగా చెప్పుట పెద్దలలోనే అత్యధికముగా నుండెను. మనస్సు ఒక వివరణను తీసివేసి రెండవదానిని పెట్టుకొనుట లేదు. రెంటిని ప్రక్కప్రక్కనే ఉంచుకొనుచున్నది.

మన చుట్టును చూచినను ఇది తెలియును. మశూచికము పోయి అర్ధశతాబ్దము గడచినను, పోచమ్మ గుడులు పోలేదు, బోనములు ఆగలేదు. 2021లో కోయంబత్తూరులో కరోనాదేవి పేరున ప్రతిమను నిలిపి పూజించిరి. దేవత కేవలము వైరస్‌కు పెట్టిన మారుపేరే అయినచో, వైరస్‌తోనే పోవలసినది.

దైవశాస్త్రము అడుగునది

మూడవ ప్రశ్న: ఈ బాధకును, ఈ మరణమునకును అర్థమేమి?

ఇది దైవశాస్త్రపు ప్రశ్న. క్రైస్తవ సంప్రదాయములో ఇది ప్రాచీనమైనది. నీతిమంతుడైన యోబు ఎందుకు బాధపడెనను విచారణతో ఒక గ్రంథమే కలదు. పుట్టుగ్రుడ్డిని చూచి, ఇది వీని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులడుగగా, యేసు రెండును కాదని చెప్పినట్లు యోహాను సువార్తలో నున్నది.

హీబర్ట్ 1982లో ప్రకటించిన ఒక వ్యాసములో ఈ మూడు ప్రశ్నలను మూడు అంతస్తులుగా వివరించెను. క్రింది అంతస్తులో ప్రకృతి, దానికి విజ్ఞానశాస్త్రము. పై అంతస్తులో సృష్టి, మరణము, పరమార్థము, దానికి మతము. నడిమి అంతస్తులో నేటి ఆపద, రేపటి భయము, నిన్నటి నష్టము. పాశ్చాత్య విద్య పదునేడు, పదునెనిమిది శతాబ్దముల తరువాత ఈ నడిమి అంతస్తును మరచిపోయెనని ఆయన వాదము. మిషనరీలు జ్వరమునకు మందు ఇచ్చిరి, పరలోకమును గూర్చి బోధించిరి. నడిమి ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అందుచేత మందుకై వైద్యశాలకును, ఆరాధనకై చర్చికిని పోవువాడే, నడిమి ప్రశ్నకై సోదె చెప్పువారి యొద్దకు పోవుచుండెను. తాను పొరపడినది ఎచ్చటనో ఆయన ఈ విధముగా తెలిసికొనెను.

ఆయన రెండవ ప్రక్క అపాయమును గూడ హెచ్చరించెను. ప్రతి రోగమునకును దయ్యములను కారణముగా చూపుట, ప్రార్థనను మంత్రమువలె వాడుకొనుట – ఇవియు తప్పులే యనెను.

ముచ్చింతల కథకు ముగింపు ఒకటి కలదు. బిడ్డ పోయిన కొన్ని వారములకు ఆ సంఘపు పెద్ద మరల వచ్చెను. ఆయన ముఖములో ఓటమి కనబడలేదు. బిడ్డ బ్రదికియున్నను ఎప్పటికైనను మరణింపక తప్పదని ఊరివారికి తెలియును; కాని అంత్యక్రియల యందు ఆ కుటుంబములు చూపిన నిబ్బరమును, మరల కలిసికొందుమను ఆశను చూచి, ఊరివారు వారి మార్గమును గూర్చి అడుగసాగిరని చెప్పెను. ఈ ఆశను అంగీకరించుటయు, అంగీకరింపకపోవుటయు ఎవరి విశ్వాసమునకు సంబంధించిన విషయము వారిది. శాస్త్రవిద్యార్థి గమనింపవలసినది వేరొకటి. ఆ ఆశ వైరస్‌ను గూర్చి ఏమియు చెప్పలేదు. మరణమును ఎదుర్కొనుటను గూర్చి చెప్పినది.

ఉపాధ్యాయులు గమనింపవలసినది

ఒక ప్రశ్నకు చెప్పవలసిన జవాబును వేరొక ప్రశ్నకు చెప్పుటలోనే నష్టమున్నది. ముచ్చింతలలో నడిమి ప్రశ్నకు దొరకిన జవాబుతో వైరస్‌ను ఆపబోయిరి. అది ఆగలేదు సరికదా, వ్యాధి ప్రబలియున్న ఊరిలో కొన్ని కుటుంబములకు నీరు లేకుండ పోయెను. మరియొక ప్రక్క, బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో “నూటికి ముప్పది మంది పోవుదురు” అని చెప్పి ఊరకుండుటయు తప్పే. ఆ లెక్క సరియైనదే, కాని ఆమె అడిగినది లెక్క కాదు.

నేడును మన తరగతులలో ఈ సందర్భము వచ్చుచునే యున్నది. ఆటలమ్మ, తట్టు సోకిన పిల్లలను వేపమండల నడుమ పరుండబెట్టి, ఇది అమ్మవారు కనుక మందు ఇవ్వరాదను ఇండ్లు ఇంకను కలవు. ఆటలమ్మకు కారణమైన వైరస్ వేరు, తట్టు వైరస్ వేరు. ఈ రెంటికిని మశూచి వైరస్‌తో సంబంధము లేదు. తట్టు వలన న్యుమోనియా వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. దీనిని నివారించు టీకా తొమ్మిది నెలలు నిండిన పిమ్మట ఒకసారి, 16–24 నెలల నడుమ మరియొకసారి ప్రభుత్వ వైద్యకేంద్రములలో ఉచితముగా వేయుదురు.

విద్యార్థి “మా అవ్వ అమ్మవారనుచున్నది” అన్నప్పుడు తరగతి నవ్వకుండ చూడవలెను. నవ్విన తరువాత ఆ బాలుడు ఇంటికి పోయి ఏమియు చెప్పడు. టీకా వేయవలసిన చెల్లెలు ఇంటిలోనే యుండిపోవును. అంతకంటె, “మీ అవ్వ అడుగుచున్న ప్రశ్న యేమి? మన పాఠము చెప్పుచున్న ప్రశ్న యేమి?” అని బల్లమీద వేర్వేరుగా వ్రాయించి చూడుడు. వేపమండలు ఉన్నచోటనే ఉండవచ్చును. బోనము ఎత్తు చేతులతోనే తల్లి బిడ్డను టీకాకు తీసికొనిపోవచ్చును. మన పెద్దలలో ఎందరో అట్లే చేసిరి. వారి చేతిమీది మచ్చయే అందుకు గుర్తు.