కస్టమర్ల లిస్టు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు కస్టమ్ ఫీల్డ్స్ ఇలా పెట్టుకోండి



పండించిన బియ్యం మనమే నేరుగా అమ్ముకునేటప్పుడు కస్టమర్ల లిస్టు విత్తనంతో సమానం. ముందు నోట్‌బుక్కులో, తర్వాత ఎక్సెల్‌లో రాసుకుంటాం. మంది పెరిగాక సీఆర్ఎమ్ సాఫ్ట్‌వేర్‌లోకి మారతాం. అక్కడే నేను దెబ్బతిన్నాను. పేరు, ఫోన్ నెంబరు, ఊరు ఎక్కాయి కానీ "బియ్యం రకం", "పాలిష్" కాలమ్స్ ఎక్కలేదు. నేను చూసుకోలేదు. ఏళ్లుగా నవార తీసుకునే ఒకావిడకి రత్నచోడి బస్తా వెళ్లిపోయింది. ఆవిడ మళ్లీ ఫోన్ చేయలేదు.

ఎందుకిలా అయిందంటే, ఈ సాఫ్ట్‌వేర్లలో పేరు, ఫోన్, ఈమెయిల్, కంపెనీ లాంటి గళ్లే ముందుగా ఉంటాయి. మన బియ్యం రకానికి అక్కడ గడి ఉండదు. ఆ గడి మనమే తయారుచేసుకోవాలి. దాన్నే కస్టమ్ ఫీల్డ్ అంటారు.

1. ముందు ఎక్సెల్ శుభ్రం చేయండి. ఒక కస్టమర్‌కి ఒకే వరుస. "నవార", "నవారా", "నవర" అని మూడు రకాలుగా రాస్తే సాఫ్ట్‌వేర్‌కి అవి మూడు వేర్వేరు రకాలే. ఫోన్ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 91తో మొదలయ్యే 12 అంకెల నెంబర్లు కుదించుకుపోయి పాడవుతాయి. తెలుగులో రాసి ఉంటే ఫైల్‌ని సీఎస్‌వీ యూటీఎఫ్-8గా సేవ్ చేయండి.

2. ఏ ఫీల్డ్ ఏ రకమో ముందే అనుకోండి. బియ్యం రకానికి డ్రాప్‌డౌన్. ఒక్కొక్కరు రెండు మూడు రకాలు కొంటుంటే మల్టీ సెలెక్ట్. నెలకు ఎన్ని కిలోలో నెంబరు ఫీల్డ్. అందులో "25 కేజీలు" అని కాదు, 25 అని మాత్రమే ఉండాలి. ఆఖరుసారి కొన్న రోజుకి డేట్ ఫీల్డ్. డేటా ఎక్కాక ఫీల్డ్ రకం మార్చడం తలనొప్పి.

3. ఇంపోర్ట్‌లో మ్యాపింగ్ పేజీ వస్తుంది. మన కాలమ్ ఏ గడిలోకి వెళ్లాలో అక్కడ చెప్పాలి. హబ్‌స్పాట్‌లో కస్టమ్ ఫీల్డ్‌ని ప్రాపర్టీ అంటారు, కొత్తది ఆ పేజీలోనే చేసుకోవచ్చు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు కనిపించకపోతే ముందు సెట్టింగ్స్‌లో ఫీల్డ్ తయారుచేసి, తర్వాత ఇంపోర్ట్ మొదలుపెట్టండి. మ్యాప్ కాని కాలమ్ ఒక్కటి ఉన్నా ముందుకు వెళ్లొద్దు.

4. మొదట ఐదుగురి పేర్లతోనే ఎక్కించి, ఒక్కొక్కరిదీ తెరిచి చూడండి. అంతా సరిగ్గా ఉంటేనే మిగతావాళ్లని ఎక్కించండి. ఇంకోటి, హబ్‌స్పాట్ మామూలుగా ఈమెయిల్ చూసి మనిషిని గుర్తుపడుతుంది. ఈమెయిల్ లేని కస్టమర్లని రెండుసార్లు ఎక్కిస్తే రెండేసి పేర్లు వచ్చేస్తాయి, జాగ్రత్త.

ఇదంతా ఒక్క పూట పని. కొత్త పంట మిల్లు నుంచి రాగానే నవార వాళ్లని ఫిల్టర్ చేసి, వాళ్లకే మెసేజ్ పెట్టొచ్చు. స్క్రీన్ మీద ఎలా చేయాలో పై వీడియోలో చూపించాను. పాత నోట్‌బుక్కు మాత్రం ఒక పంటకాలం గడిచేదాకా పారేయకండి.